నల్ల తెర మీద పట్టని తెలుగు

మా డిస్కుకు బొమ్మల ఇన్‌స్టాలర్ అక్కర్లేదని అందరికంటే గట్టిగా వాదించింది నేనే. ఆ రోజుకు నేను చదివినంతలో అది సరైన మాటే. తరవాత ఇంకొంచెం చదివాను, అంతే.

నేను తెనాలిలో బట్టలు కుడతాను. నా చదువు బడిలో పదో తరగతితో ఆగింది, శాఖా గ్రంథాలయంలో మొదలైంది. మధ్యాహ్నం భోజనం చేసి, మిషన్ మీద గుడ్డ కప్పి, ఎండలో నడుచుకుంటూ వెళ్లేదాన్ని. ఫ్యాను కింద కుర్చీ దొరికితే సాయంత్రం దాకా లేచేదాన్ని కాదు. నవలలు అయిపోయాయి, జీవిత చరిత్రలు అయిపోయాయి, ఆఖరికి కరెంటు మోటార్ల మరమ్మతు మీద ఉన్న పుస్తకం కూడా అయిపోయింది. ఇక మిగిలింది ఎవరూ తెరవని కంప్యూటర్ల బీరువా. అందులో లినక్సు మీద ఒక లావు ఇంగ్లీషు పుస్తకం ఉంది. పక్కన నిఘంటువు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివాను. అప్పటికి మా ఇంట్లో కంప్యూటర్ లేదు. కంప్యూటర్ కొనుక్కుని పుస్తకం చదివినవాళ్లు ఊళ్లో చాలామంది ఉంటారు. పుస్తకం చదివి, కంప్యూటర్ కోసం ఎదురుచూసింది నేనొక్కదాన్నేనేమో. ఒక ఆవిడ జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చి, వాళ్లింట్లో మూలపడ్డ కంప్యూటర్ తీసుకెళ్లమంటే రిక్షాలో తెచ్చుకున్నాను.

లినక్సు అంటే కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అందులో రకాలు చాలా ఉన్నాయి. కొన్ని వండి వడ్డించినట్టు వస్తాయి. కొన్ని సరుకులు మాత్రమే ఇస్తాయి, పొయ్యి దగ్గర మనమే నిలబడాలి. నాకు ఈ రెండో రకం నచ్చింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తాయి. మనం ఒక ఆజ్ఞ టైపు చేస్తే అది ఒక పని చేస్తుంది. ఎందుకు చేసిందో తెలియకపోతే పుస్తకం తెరిచి చూసుకోవాలి. మొదటిసారి ఆ పాత కంప్యూటర్ నేను చెప్పినట్టు లేచి నిలబడినప్పుడు, ఊళ్లో ఇంజనీరింగ్ చదివిన పిల్లలందరికీ ఎదురుగా వెళ్లి చెప్పాలనిపించింది.

పనిమీద తెనాలి వచ్చినప్పుడల్లా ఆ గ్రంథాలయంలో ఆగే ఇద్దరు నాకు తోడయ్యారు. ఒకతను బాపట్లలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు, నన్ను అక్కా అంటాడు కాబట్టి తమ్ముడు. ఇంకొకాయన రేపల్లెలో ఉంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరై, ఇంటి ముందు గదిలో పాత కంప్యూటర్లు బాగు చేస్తుంటారు. ఆయన మా ఇద్దరికీ బాబాయి. ముగ్గురం కలిసి ఒక డిస్కు తయారుచేశాం. మాకు నచ్చిన ఆ సరుకుల రకం లినక్సునే తీసుకుని, తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు, పాత కంప్యూటర్లు మోయగలిగే తేలికైన ప్రోగ్రాములు చేర్చాం. అడిగినవాళ్లకు ఇచ్చేవాళ్లం. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం, అంటే ఇన్‌స్టాల్ చేసుకోవడం మాత్రం నల్ల తెర మీదే, ఆజ్ఞలు టైపు చేస్తూనే.

ఆదివారాలు బాపట్లలో తమ్ముడి మేడ మీద కూర్చునేవాళ్లం. వాళ్లింటికి చుట్టాలొస్తే సూర్యలంక పోయేవాళ్లం. బొమ్మల ఇన్‌స్టాలర్ మాట తమ్ముడు మొదట తీసింది అక్కడే, ఇసకలో కూర్చుని మొక్కజొన్న కంకులు తింటుండగా.

"అక్కా, మన డిస్కు తీసుకున్నవాళ్లలో ఎక్కించుకున్నవాళ్లు ఎంతమంది? సగం మంది దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకుంటున్నారు. చక్కగా బొమ్మల తెర పెడదాం. మౌసుతో నొక్కుకుంటూ పోతారు."

"నొక్కుకుంటూ పోయేవాడికి మన డిస్కెందుకయ్యా?" అన్నారు బాబాయి. "వాడికి కావలసినవి బజార్లో బోలెడు."

"మీ ఎక్స్ఛేంజీలో జనం డయల్ తిప్పి మాట్లాడారా, వైర్లు కలుపుకుని మాట్లాడారా బాబాయ్?"

"డయలే తిప్పారు. అందుకే వాళ్లకి ఏమీ తెలీక, లైను పోయినప్పుడల్లా నా ప్రాణం తీశారు!"

నేను నవ్వి, బాబాయి పక్షం చేరాను. నల్ల తెర మీద ప్రతి మాటా చదవక తప్పదు, చదవనిదే ముందుకు పోలేం. బొమ్మల తెరలో 'తరవాత' అనే బటన్ ఉంటుంది, ఆ బటన్ నొక్కే వేలికి కళ్లుండవు. చదివేవాళ్ల కోసం చేసిన డిస్కు చదివించాలి. ఇదీ నా వాదన. తమ్ముడు కంకి ఒలిచేసి, "మీ ఇద్దరికీ మెజారిటీ ఉంది, కానివ్వండి" అన్నాడు.

అప్పుడే మా పిన్ని సంగతి ముంచుకొచ్చింది.

పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, చెరుకుపల్లి దగ్గర ఒక ఊళ్లో పఠనాలయం నడుపుతుంది. ఆ గది రైతుల సహకార సొసైటీది. ఒక గోడకి పుస్తకాలు, మధ్యలో బల్ల, బల్ల చుట్టూ పొద్దున్నే వచ్చే పెద్దవాళ్లు. వాళ్లలో కొందరికి కంటిశుక్లాలు, కొందరికి అసలు చదువే లేదు. అందుకని అక్కడ ఎవరూ మనసులో చదవరు. పిన్ని పేపరు పైకి చదువుతుంది, మిగతావాళ్లు వింటారు, ప్రతి వార్తకీ తగువు పడతారు. ఇంటికొచ్చిన పెళ్లి శుభలేఖ దగ్గర్నుంచి మందు సీసా మీద కాగితం దాకా తెచ్చి ఆవిడ చేత చదివించుకుంటారు. దానంగా వచ్చిన ఒక కంప్యూటర్‌ని బాబాయి బాగుచేస్తే, నేను మా డిస్కు ఎక్కించి అక్కడ పెట్టాను. కాలేజీ పిల్లలు సాయంత్రాలు రావడం మొదలుపెట్టారు. పిన్ని తెలుగులో టైపు చేయడం నేర్చుకుంది.

చిక్కంతా కరెంటుతో వచ్చింది. ఉన్నట్టుండి పోయినప్పుడల్లా ఆ ముసలి కంప్యూటర్ మళ్లీ లేవనని మొరాయించేది. నేను తెనాలిలో బస్సెక్కి వెళ్లి, చెడిన భాగం సరిచేసి వచ్చేదాన్ని. నాకు పెళ్లిళ్ల కుట్టుపని ఉంటే, నేను వెళ్లేదాకా అది దుప్పటి కప్పుకుని పడుకునేది. సొసైటీ ప్రెసిడెంటు గారికి ఆ దుప్పటి కంటపడింది. నాట్లకు ముందు ఎరువుల లోడు వస్తుంది, బస్తాలకు చోటు చాలడం లేదు.

"పేపరు అరుగు మీద కూడా చదువుకోవచ్చు గదా చెల్లెమ్మా," అన్నారట ఆయన పిన్నితో. "పిల్లలకి కంప్యూటర్ ఉందన్నావని గది ఉంచాను. అదేమో వారంలో సగం రోజులు ముసుగేసుకునే ఉంటంది. తెనాలి నుంచి మనిషి వస్తే గానీ నడవని దానికి గదెందుకు? కాలవలకి నీళ్లొదిలేలోపు దాన్ని నీ అంతట నువ్వు నడిపించుకోగలిగితే సరి, లేదంటే బస్తాలేయిస్తా."

ఆ సంగతి నాకు చెప్పినప్పుడు పిన్ని గొంతులో భయం లేదు, లెక్క ఉంది. "నాకు నేర్పించు. ఎక్కడ్నుంచి ఎక్కడిదాకానో అంతా నేర్పించు."

చెడిన చోటు వెతికి సరిచేయడం కంటే డిస్కు మొదటి నుంచి మళ్లీ ఎక్కించడమే సులువు కాబట్టి అదే నేర్పాను. నల్ల తెర ముందు కూర్చోబెట్టి ఒక్కొక్క ఆజ్ఞా చెప్పాను. పిన్ని లావు లావు నవలలు రెండు రోజుల్లో అవతల పడేసే మనిషి. ఆ తెర ముందు మాత్రం బడిలో చేరిన మొదటి రోజు పిల్లలా కూర్చుంది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా గుర్తుపడుతుంది, మాటగా కూర్చలేదు.

"నేను చెప్పిన వరసలో కొట్టెయ్ పిన్నీ, అర్థం తరవాత."

"అర్థం లేకుండా నేను ఇన్నేళ్లలో ఒక్క వాక్యం చదవలేదే. ఇప్పుడెందుకు చదవాలి?"

సూర్యలంకలో నేను చెప్పిన మాటనే ఆవిడ నాకు అప్పజెప్పింది.

బాబాయి ఒక ఉపాయం చెప్పారు. ఫోన్లో అందరూ ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకుంటున్నారు కదా, నల్ల తెర మీద సూచనలు అలాగే పెట్టేద్దాం అన్నారు. ముగ్గురం కలిసి పెట్టాం. పిన్ని కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇదేం భాషే?"

"తెలుగే పిన్నీ."

"తెలుగుకి ఈ ఖర్మేంటే! ఎదురుగా ఉన్నా మొహం కనిపించడం లేదు."

ఇక మిగిలింది ఒకటే, నల్ల తెర మీద అసలు తెలుగే తెప్పించడం. అది నేను చేసి తీరతానన్నాను. మా డిస్కులో తెలుగు ఫాంట్లు ఎలాగూ ఉన్నాయి. ఫైల్లో తెలుగు వాక్యాలు రాసి ఆ తెర మీదకు పంపాను. గళ్లు వచ్చాయి, వరసగా ఖాళీ గళ్లు. అమరికలన్నీ మార్చి చూశాను. ఇంకో రకం గళ్లు వచ్చాయి.

అలాంటప్పుడు నేను వెళ్లే చోటు ఒకటే. గ్రంథాలయంలో ఆ లావు పుస్తకం మళ్లీ తీశాను. నల్ల తెర గురించి ఉన్న అధ్యాయం మొదటిసారి చదివినప్పుడు నాకు అందమైన కథలా ఉండింది. ఈసారి ప్రశ్న పెట్టుకుని చదివాను, జవాబు అక్కడే ఉంది. ఆ తెర అంతా ఒకే కొలత గళ్లు. ఒక గడికి ఒక అక్షరం, గుర్తుపెట్టుకునే అక్షరాల సంఖ్యకు కూడా హద్దుంది. ఇంగ్లీషు అక్షరాలు అందులో బుద్ధిగా కూర్చుంటాయి. మన అక్షరం అలా కూర్చోదు. దాని నెత్తిన తలకట్టు ఉంటుంది, గుడి ఉంటుంది, కింద ఒత్తు వేలాడుతుంది, పక్క అక్షరాన్ని బట్టి రూపం మారుతుంది. 'స్త్రీ' అని రాయడానికి ఎన్ని ముక్కలు ఒకదానిమీద ఒకటి అతకాలో చూడండి. ఆ అతుకుపని నల్ల తెరకు రాదు. బొమ్మలు గీయగల తెరకే వస్తుంది.

ఆ పేజీ దగ్గర వేలు అలాగే ఉంచి పుస్తకం మూశాను. ఇన్నాళ్లూ మేం బొమ్మల ఇన్‌స్టాలరా, అక్షరాల ఇన్‌స్టాలరా అని తగువు పడ్డాం. అక్షరాలంటే ఎవరి అక్షరాలు? ఇంగ్లీషువాళ్లకు అది ఇష్టాయిష్టాల గొడవ, శ్రమపడి నేర్చుకోవాలా, సుఖంగా నేర్చుకోవాలా అని. మనకు అది లిపి గొడవ. తెలుగులో చదవాలంటే బొమ్మల తెర ఉండి తీరాలి. చదివించే డిస్కు కావాలన్న నా పట్టు సడలలేదు. ఆ పట్టే నన్ను తమ్ముడి వైపు నడిపించింది.

వచ్చిన ఆదివారం బాపట్లలో ఇదే చెప్పాను. తమ్ముడు ఎగిరి గంతేశాడు. బాబాయి మొహం మాడ్చుకున్నారు.

"పార్టీ మార్చావన్నమాట."

"పార్టీ మార్చలేదు బాబాయ్, పుస్తకం ఇంకోసారి చదివాను."

"మీ పిన్ని కూడా 'తరవాత, తరవాత' అని నొక్కుకుంటూ పోద్ది చూడు. నువ్వు చెప్పిన మాటే."

"మీరే వచ్చి చూడండి."

తమ్ముడు ఉచితంగా దొరికే ఒక బొమ్మల ఇన్‌స్టాలర్‌ని మా డిస్కుకు అతికించాడు. అందులో తెలుగు కొంత ఉంది గానీ, చాలాచోట్ల సగంలో వదిలేశారు. ఉన్నది కూడా సర్కారు నోటీసులా ఉంది. మిషన్ దగ్గర పని తగ్గినప్పుడల్లా కూర్చుని ఒక్కో వాక్యం రాశాను. ఎక్కించడం మొదలయ్యే ముందు ఆఖరి హెచ్చరిక దగ్గర ఎక్కువసేపు ఆగాను. 'డిస్కులో గల సమాచారము తొలగించబడును' అని ఉండేది. అది కొట్టేసి, 'ఈ కంప్యూటర్లో ఇంతకుముందు దాచుకున్నవన్నీ చెరిగిపోతాయి. మళ్లీ రావు. మొదలుపెట్టమంటారా?' అని రాశాను.

పిన్ని ప్రెసిడెంటు గారి ముందు కంప్యూటర్‌ని లేపి చూపించాల్సిన రోజు తమ్ముడికి కాలేజీలో డ్యూటీ పడింది. నేనూ, రేపల్లె నుంచి బాబాయీ వెళ్లాం. అప్పటికి కంప్యూటర్ లేవక మూడు రోజులైంది. పేపరు వినేవాళ్లు బల్ల చుట్టూ ఎప్పటిలాగే ఉన్నారు. ప్రెసిడెంటు గారు వచ్చి గుమ్మం పక్కన కుర్చీ వేయించుకున్నారు.

"తెనాలమ్మాయ్, నువ్వు చేతులు కట్టుకుని కూర్చో. ఆవిడే చెయ్యాలి."

"నేను చెయ్యి వేస్తే అడగండి," అన్నాను.

పిన్ని డిస్కు పెట్టి మీట నొక్కింది. తెర మీద తెలుగు వచ్చింది, ఒత్తులతో, గుణింతాలతో. పిన్ని గొంతు సవరించుకుని, పేపరు అందుకున్నట్టే అందుకుంది.

"'స్వాగతం. మీ భాష ఎంచుకోండి.' ఎంచుకున్నాను. 'మీరు ఉండే చోటు చెప్పండి.'"

"చెరుకుపల్లి అని చెప్పు!" అన్నాడొక పెద్దాయన.

"ఇక్కడ దేశాలే ఉన్నాయి పెదనాన్నా, చెరుకుపల్లి లేదు."

"లేకపోవడమేంటి! మండలం గదా!"

ఇలా సాగింది. ప్రతి తెరా పైకి చదవడం, గది మొత్తం దాని మీద అభిప్రాయం చెప్పడం. 'తరవాత' అనే బటన్ ఒక్కటి కూడా తగువు పడకుండా నొక్కలేదు. నేను బాబాయి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశారు.

"'పాస్‌వర్డ్ ఇవ్వండి. దీన్ని ఎవరికీ చెప్పకండి,'" అని పిన్ని ఊరంతటికీ వినిపించేలా చదివింది. "ఏం పెడదాం?"

"స్వర్ణ పెట్టమ్మా."

"స్వర్ణా? పోయినేడు ఆ వరి దోమ కొట్టి నేల కరిచింది, దాని పేరెత్తకు. బీపీటీ పెట్టు."

"ఉత్త బీపీటీ అంటే ఎట్టా, నంబరు కూడా పెట్టు, యాభై రెండు సున్నా నాలుగు!"

బాపట్లలో పుట్టిన ఆ వరి రకం పేరు విత్తనాల బస్తాల మీద చూసీ చూసీ, ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఊళ్లో చదువు రానివాళ్లకు కూడా వచ్చు. పిన్ని ఒక్కొక్క మీటా పైకి చెబుతూ కొట్టింది. రహస్యం అనే మాటకు ఆ గదిలో చోటు లేదని నాకు అప్పుడు అర్థమైంది. బాబాయి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నేను చేతులు కట్టుకునే ఉన్నాను.

ఆఖరి తెర వచ్చింది.

"'ఈ కంప్యూటర్లో ఇంతకుముందు దాచుకున్నవన్నీ చెరిగిపోతాయి. మళ్లీ రావు. మొదలుపెట్టమంటారా?'"

మౌసు మీద పిన్ని వేలు వంగుతోంది.

"ఆగు చెల్లెమ్మా!"

ప్రెసిడెంటు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "దాచుకున్నవన్నీ అంటే? నా పద్యాలో?"

ఆయన కుర్రతనంలో పౌరాణిక నాటకాలు కట్టిన మనిషి. శివరాత్రికి అరుగు మీద హార్మోనియం పెట్టించి ఆయన పాడిన పద్యాలన్నీ పిన్ని ఈ కంప్యూటర్లోకే రికార్డు చేసిందట. ఆయన అప్పుడప్పుడూ సాయంత్రం వచ్చి వినిపించుకుని పోయేవారట. ఆ సంగతి నాకు తెలియదు, పిన్నికి ఆ క్షణానికి గుర్తులేదు.

"పోతే పోయాయిలే, ఊరు నిద్రపోద్ది," అన్నాడు మూల నుంచి ఒకాయన.

"నోరు ముయ్యరా! రాగం తియ్యమంటే దగ్గొచ్చే మొహమూ నువ్వూనూ!" అని ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగారు. "అమ్మా, నువ్వు ముట్టుకోవచ్చు. ఇప్పుడు ముట్టుకో. వాటిని బయటికి తియ్యి."

నేను లేవబోయాను. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కర్లేదన్నయ్యా. తెలుగులోనే ఉంది కదా, చదువుకుంటే సరిపోద్ది." 'వద్దు' అన్నది నొక్కి వెనక్కి వచ్చింది. మా డిస్కు మీదే నడుస్తున్న తెరలో కంప్యూటర్ లోపలి పాత డిస్కు బొమ్మ కనిపించింది. దాన్ని తెరిచింది. నా సంచీలోంచి పెన్‌డ్రైవ్ ఒకటి ఇచ్చాను, నా సాయం అంతవరకే. ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటీ పైకి చదువుతూ, ప్రెసిడెంటు గారు "ఆఁ, అదే, అదే" అంటుండగా అన్నీ అందులోకి తీసింది. ఒకటి పెట్టి వినిపించింది కూడా. రాగం నిజంగానే బాగుంది. ఆ తరవాత మళ్లీ మొదటికి వెళ్లి, అవే తెరలు, అవే తగువులు, అదే వరి రకం. ఆఖరి హెచ్చరిక రెండోసారి చదివి ప్రెసిడెంటు గారి మొహంలోకి చూసింది. ఆయన పెన్‌డ్రైవ్ ఉన్న జేబు తడుముకుని, "కానీ" అన్నారు.

మధ్యాహ్నానికి కంప్యూటర్ లేచింది.

నేనే కూర్చుని ఎక్కించి ఉంటే ఏం జరిగేదో నాకు తెలుసు. నల్ల తెర మీద ఆ హెచ్చరిక నాకొక్కదానికే వచ్చేది, ఇంగ్లీషులో. నేను చదివేదాన్ని, అర్థమయ్యేది, సరేననేదాన్ని. ఆ పద్యాలు ఎవరివో ఆ తెరకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిసిన మనిషి గుమ్మం పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయన చెవిదాకా ఆ వాక్యం వెళ్లింది, తెలుగులో ఉంది కాబట్టి.

తిరుగు బస్సు కోసం నిలబడ్డాం. బస్సు కనిపించాక బాబాయి అన్నారు. "నల్ల తెర తీసెయ్యరు కదా?"

"తియ్యం. కావాలన్నవాళ్లకి కింద ఒక వరసలో ఉంటుంది. పైన మాత్రం తెలుగే."

"ఆ వరస నేను రాస్తా," అన్నారు.

కాలవలకు నీళ్లొచ్చాయి. ఎరువుల లోడు దిగింది. ప్రెసిడెంటు గారు బస్తాల్ని రైసుమిల్లు వరండాలో వేయించారని పిన్ని ఫోన్ చేసి చెప్పింది. ఎరువుల వాసనకు గొంతు పాడవుతుందని అందరితో అంటున్నారట. వచ్చే శివరాత్రికి ఇంకొన్ని పద్యాలు రికార్డు చేయాలట.

"గది మనదేగా పిన్నీ, ఇంక హాయిగా ఉండు."

"హాయేంటే? ఎక్కించడం వరకూ తెలుగులో పెట్టావు. ఎక్కాక లోపల సగం ఇంగ్లీషే ఉంది. నిన్న ఏదో పెట్టె వచ్చి ఏదో అడిగింది. అందరం చుట్టూ చేరి దాని మొహం చూశాం గానీ, ఏం చెప్పాలో తెలీక అలాగే వదిలేశాం. గుమ్మం దాకా పిలిచి, లోపలికి రావద్దంటావా?"

"చేస్తాను పిన్నీ, అది కూడా చేస్తాను."

"ఎప్పటికి?"

పెళ్లిళ్ల రోజులు, మిషన్ మీద జాకెట్లు గుట్టగా ఉన్నాయి. అయినా ఆ పెట్టెలో ఏముందో ఒక్కొక్క అక్షరం చెప్పమన్నాను. పిన్ని కళ్లజోడు పెట్టుకుని, గది మొత్తం సాయం పడుతుండగా, కూడబలుక్కుంటూ చెప్పడం మొదలుపెట్టింది. నేను సుద్దముక్కతో, కత్తిరించబోయే గుడ్డ అంచు మీద రాసుకున్నాను.